మా నాయిన వేషం కట్టినాయన

మా నాయిన జైలులో ఎట్లా బతికాడో నేను మొదటిసారి విన్నది మిర్యాలగూడలోని ఒక ఫంక్షన్ హాల్లో, వేరే మనిషి నోట. ఆ మనిషి సూర్యాపేటలో ఒక బట్టల షాపులో పనిచేస్తాడు. సాయంత్రాలు నాటకాలు వేస్తాడు. ఆ రోజు ఆయన కట్టింది మా నాయిన వేషం. అసలు నాయిన నాకు ఒక కుర్చీ అవతల, ఇస్త్రీ చేసిన తెల్లచొక్కాలో, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని కూర్చున్నాడు. మా ఇద్దరి మధ్యలో అమ్మ.

అక్కడిదాకా ఎట్లా వచ్చామో ముందు చెప్పాలి.

నేను మూడో తరగతి చదివేటప్పుడు మేము నేరేడుచర్లలో ఉండేవాళ్ళం. నాయినకు మోటర్ వైండింగ్ షాపు ఉండేది. చుట్టుపక్కల పొలాల్లో కాలిపోయిన మోటర్లను రైతులు ఆటోల్లో వేసుకుని తెచ్చేవాళ్ళు. మాడిన రాగితీగ పీకేసి, కొత్తది చుట్టి, వార్నిష్ పోసి ఆరబెట్టి ఇచ్చేవాడు. నాట్ల కాలంలో షాపు ముందు మోటర్లు బారుగా ఉండేవి. అందరికీ తమదే ముందు కావాలి. ఒకసారి పక్క ఊరి రైతు ఒకాయన, తన మోటరు ఇంకా విప్పనే లేదని నడిబజార్లో గొడవ పెట్టుకున్నాడు. నాయిన కూడా గొంతు పెంచాడు. బజారంతా విన్నది. ఆ వారంలోనే ఆ రైతు శవం కాలువలో దొరికింది. తల వెనక దెబ్బ ఉంది.

పోలీసులు నాయినను తీసుకుపోయినప్పుడు నేను బడిలో ఉన్నాను. ఇంటికొచ్చేసరికి షాపు షట్టర్ దించి ఉంది. అమ్మ గడపలో కూర్చుని ఉంది. "నాయిన ఏడి?" అని అడిగితే "వస్తడు" అన్నది.

కేసంతా ఆ గొడవ మీదనే నడిచింది. షాపులోంచి తీసుకుపోయిన ఒక పానా, కాలువ కట్ట మీద ఇద్దరినీ కలిపి చూశామన్న ఇద్దరు సాక్షులు, నేరం ఒప్పుకున్నాడని స్టేషన్లో రాసుకున్న వాంగ్మూలం. చనిపోయిన రైతు భార్యను కూడా బోను ఎక్కించారు. గొడవ అయిన మాట నిజమని చెప్పి ఆమె దిగిపోయింది. యావజ్జీవం పడింది. చాలా ఏళ్ళ తర్వాత హైకోర్టు, ఆ సాక్షులిద్దరి మాటలు ఒకదానికొకటి పొసగడం లేదని, పానాకూ ఆ దెబ్బకూ సంబంధం రుజువు కాలేదని శిక్ష కొట్టేసింది. అప్పటికి నేను ఇంటర్ రెండో సంవత్సరంలో ఉన్నాను. ఆ రైతును ఎవరు చంపారో ఇప్పటికీ ఎవరికీ తెలియదు.

నాయిన జైల్లో ఉన్న కాలమంతా కోదాడలో, మా మేనమామ ఇంట్లో గడిచింది. అమ్మ ఒక ప్రైవేటు హాస్టల్లో వంట చేసేది. నన్ను బళ్ళో వేసేటప్పుడు, నాయిన గురించి ఎవరైనా అడిగితే దుబాయి పోయిండని చెప్పమని మామ నేర్పాడు. నేను అదే చెప్పాను. చెప్పీ చెప్పీ అది నిజమే అన్నట్టు అయిపోయింది. నా స్నేహితురాలు ఒకామె, మీ నాయిన ఫోన్ చేస్తడా అని అడిగితే, ఆదివారం ఆదివారం చేస్తడని కూడా అన్నాను.

మొదట్లో ఒకసారి అమ్మ, మామ కలిసి జైలుకు పోయి వచ్చారు. నన్ను తీసుకుపోలేదు. తర్వాత అమ్మ ఒక్కతే పోయేది. నేనూ వస్తానంటే "దూరం బిడ్డా, నీకు బడి ఉన్నది" అనేది. సెలవుల్లో అడిగితే ఎండలు అనేది. కొన్నాళ్ళకు అడగడం మానేశాను. నన్ను దూరం పెట్టింది అమ్మే అని నాకు గట్టిగా అనిపించింది. ఆ తర్వాత మా ఇద్దరి మధ్య అవసరమైన మాటలే మిగిలాయి. తిన్నావా, ఫీజు ఎప్పుడు కట్టాలి, గేటు వేశావా. ఇంట్లో కొట్లాటేమీ లేదు. అట్లా అలవాటైపోయింది.

నాయిన విడుదలై కోదాడ వచ్చిన రోజు పక్కింటామె గోడ మీద నుంచి చూసి నన్నే అడిగింది, "మీ నాయన దుబాయ్ నుంచి వచ్చాడా? ఏం తెచ్చాడు?" అని. నేను ఏం చెప్పాలో తెలియక నిలబడ్డాను. నాయిన నా ముఖం చూశాడు. చూసి, "ఏం తేలేదమ్మా. ఆడ పని సరిగ్గ నడువలే" అన్నాడు. ఎవరూ చెప్పకుండానే నా అబద్ధం ఆయన తన మీద వేసుకున్నాడు. నాకు ఆయనతో అయిన మొదటి పరిచయం అదే అనుకుంటాను.

తర్వాత మిర్యాలగూడలో ముందర షాపు, వెనక రెండు గదులు ఉన్న ఇల్లు కిరాయికి దొరికింది. నాయిన మళ్ళీ మోటర్లు చుట్టడం మొదలుపెట్టాడు. జైలు గురించి ఆయన చెప్పలేదు. మేము అడగలేదు. నేను ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చేసి సూర్యాపేటలో ఒక ల్యాబులో చేరాను. అక్కడే ఒక రూంలో ఉంటాను. ఆదివారాలు బస్సెక్కి ఇంటికి వెళ్తాను.

రెండేళ్ళ కిందట అట్లాంటి ఒక ఆదివారం, రిటైరైన లెక్చరర్ ఒకాయన మా షాపుకు వచ్చాడు. సూర్యాపేటలో ఆయనకు చిన్న నాటక బృందం ఉంది. చేయని నేరానికి జైలుకు పోయి వచ్చిన వాళ్ళ కథలను నాటకాలుగా రాస్తాడట. అంతకుముందు ఖమ్మం దిక్కు ఒకాయన మీద రాసి చాలాచోట్ల ఆడించారట. నాయిన కేసు సంగతి ఒక వకీలు చెప్పగా విన్నాడు.

"తీర్పులు ఎవరు సదువుతరు చెప్పు? అది కోర్టుల పడి ఉంటది. నాటకమైతే జనం సూస్తరు. నువ్వు నిర్దోషివని పదిమందికి తెలుస్తది" అన్నాడు సారు.

నాయిన చేతిలో ఉన్న కాయిల్‌కు దారం కట్టడం పూర్తి చేశాడు. అప్పుడు "ఏం చెప్పాలె?" అని అడిగాడు.

"నీకు తోచింది. ఎక్కణ్ణుంచైనా మొదలుపెట్టు."

నాయిన సరేనన్నాడు. సారు వెళ్ళిపోయాక అమ్మ వంటింట్లోంచి వచ్చింది. "ఎందుకు మల్ల గివన్నీ? ఇప్పుడిప్పుడే జనం మర్సిపోతున్నరు."

"కోర్టుల ఎంతసేపు నిలబడ్డా అడిగినదానికే జవాబు చెప్పమన్నరు," అన్నాడు నాయిన. "ఈయన తోచింది చెప్పమంటున్నడు."

అమ్మ మళ్ళీ వంటింట్లోకి పోయింది.

కానీ నాయిన ఎక్కువగా చెప్పింది సారుకు కాదు. సారు ఫోన్లో రికార్డు పెట్టి ఎదురుగా కూర్చుంటే నాయిన రెండు ముక్కలు చెప్పి ఆగిపోయేవాడు. అందుకని సారు, నాయిన వేషం వేయబోయే నటుణ్ణి పంపించాడు. ఆయనది నాయినకంటే కొంచెం చిన్న వయసు, సన్నగా ఉంటాడు. బట్టల షాపులో రోజంతా చీరలు పరిచి చూపించి మడతపెట్టే పని. ఆయన వచ్చి ఏమీ అడగకుండా స్టూలు మీద కూర్చున్నాడు. నాయిన కాసేపు చూసి, తీగ చుట్ట ఆయన చేతికిచ్చి, "జర ఇది పట్టుకో, వదులు కానియ్యకు" అన్నాడు. అట్లా ఒకరు తీగ వదులుతుంటే ఒకరు చుట్టారు. చేతులు పనిలో ఉన్నాయి కాబట్టి ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోవాల్సిన పని లేదు. నాయిన మాట్లాడటం మొదలుపెట్టాడు.

ఆయన చాలా ఆదివారాలు వచ్చాడు. నేను లోపలి గదిలో ఉండేదాన్ని. నాయిన గొంతు వినపడేది కానీ మాటలు తెలిసేవి కావు. ఒక్కోసారి ఇద్దరూ నవ్వేవాళ్ళు. నేను చాయ్ తీసుకుపోతే ఇద్దరూ ఆగిపోయేవాళ్ళు. "తాగు తమ్మీ" అనేవాడు నాయిన. నేను వెనక్కి వచ్చాక మళ్ళీ గొంతు మొదలయ్యేది. నాకు ఆ నటుడి మీద అసూయ పుట్టిందా అని తర్వాత సారు ఒకసారి అడిగాడు. లేదన్నాను. నిజంగానే లేదు. అది మా ఇంట్లో జరుగుతున్నట్టే అనిపించేది కాదు.

రిహార్సల్స్ సూర్యాపేటలో, ఒక ట్యూషన్ సెంటర్ పై అంతస్తులో జరిగేవి. ల్యాబు అయిపోయాక నేను వెళ్ళేదాన్ని, నాయిన బస్సులో వచ్చినప్పుడు. ఒక్కసారే అమ్మ వచ్చింది. ఆ రోజు అరెస్టు దృశ్యం చేస్తున్నారు. అమ్మ వేషం వేసినామె ఒక అంగన్‌వాడీ టీచరు, బాగా చేస్తుంది. పోలీసులు భర్తను లాక్కుపోతుంటే జుట్టు విరబోసుకుని, వాళ్ళ కాళ్ళ మీద పడి, గుండెలు బాదుకుని ఏడ్చింది.

"ఎట్లున్నదమ్మా?" అని సారు అమ్మను అడిగాడు.

"మంచిగ జేసింది. కానీ నేను గట్ల ఏడ్వలే సారూ."

"మరి?"

"పొయ్యి మీద అన్నం ఉండె. ఆయనను జీపు ఎక్కిస్తుంటే అన్నం మాడుతదని లోపలికి పోయి దించిన. మల్ల బయటికొచ్చేసరికి జీపు లేదు."

సారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "అమ్మా, నువ్వు చెప్పేది అర్థమైతున్నది. కానీ స్టేజీ మీద గట్ల చేస్తే, ఈమెకు మొగని మీద ప్రేమ లేదనుకుంటరు జనం."

"అనుకోనియ్యి," అన్నది అమ్మ. మళ్ళీ తనే, "మీ ఇష్టం. మీకు తెలుసు గదా" అన్నది. దృశ్యం ఏడుపుతోనే ఉండిపోయింది. బస్టాండుకు నడుస్తూ అమ్మ నాతో ఒక్క మాటే అన్నది: "ఆమె సీర నలిగిపోయింది పాపం."

ఇక మిర్యాలగూడ ఫంక్షన్ హాలు. పెళ్ళిళ్ళ స్టేజీ మీద నల్లగుడ్డ కట్టి రెండు లైట్లు పెట్టారు. హాలు నిండింది. రైస్‌మిల్లుల్లో పనిచేసేవాళ్ళు, మా వీధివాళ్ళు, వకీళ్ళు కొందరు, కాలేజీ పిల్లలు. నాయినకు మోటర్లు తెచ్చే రైతులు కూడా వచ్చారు. వాళ్ళలో చాలామందికి ఈ సంగతి అప్పటిదాకా తెలియదు.

నటుడు లేచి నిలబడగానే నాకు కొంచెం చిత్రంగా అనిపించింది. నాయిన లేచేటప్పుడు ముందు ఎడమ మోకాలు పట్టుకుంటాడు. ఈయన కూడా పట్టుకున్నాడు. నాయిన మాట మొదలుపెట్టేముందు గొంతు సవరించుకున్నట్టు చిన్న శబ్దం చేస్తాడు. ఈయన కూడా చేశాడు. తర్వాత ఈయన చెప్పడం మొదలుపెట్టాడు. మొదటి ఏడాది ఎవరితోనూ మాట్లాడలేదని. జైల్లో చాపలు నేసే పనిలో వేశారని. పక్కన పడుకునే ముసలాయన చనిపోతే ఆయన దుప్పటి తనకిచ్చారని, అది కప్పుకోవడానికి ముందు భయపడి తర్వాత చలికి కప్పుకున్నానని. బయట ఉన్నప్పుడు చుట్టిన మోటర్ల నంబర్లు, రైతుల పేర్లు తలుచుకుంటూ నిద్రపోయేవాణ్ణని.

నేను వింటున్నాను. చుట్టూ ఉన్నవాళ్ళు ముక్కులు చీదుకుంటున్నారు. నా వెనక కూర్చున్నామె "అయ్యో అయ్యో" అంటున్నది. నేను స్టేజీ పక్కన పెళ్ళివాళ్ళు వదిలేసిన పూలదండ వైపు చూస్తున్నాను. ల్యాబులో సూది గుచ్చేటప్పుడు చాలామంది తల పక్కకు తిప్పుకుంటారు. నేను తిప్పుకోవాలని తిప్పుకోలేదు. కళ్ళు అటు పోయాయి, అక్కడే ఉండిపోయాయి.

అప్పుడు ములాఖత్ దృశ్యం, అమ్మ జైలుకు పోయి నాయినను కలిసేది, వచ్చింది. మధ్యలో ఒక ఇనప జాలీ పెట్టారు. అటువైపు అమ్మ వేషంలో అంగన్‌వాడీ టీచరు, ఇటువైపు నటుడు. ఆమె అన్నది, "బిడ్డ నిన్ను సూస్తనని ఒకటే ఏడుస్తున్నది. ఈసారి పట్టుకొస్త."

నటుడు తల అడ్డంగా ఊపాడు. "వద్దు. తీస్కరాకు. నన్ను గిట్ల సూస్తే దానికి జీవితమంతా గిదే గుర్తుంటది. దుబాయిలనే ఉండనియ్యి నన్ను."

"అది నన్ను అడుగుతది. ఏం చెప్పాలె?"

"ఏదన్న చెప్పు. నేనన్ననని మాత్రం చెప్పకు."

నాకు ఆ మాటలు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. తర్వాతి దృశ్యం మొదలైపోయింది, కోర్టువాళ్ళు వచ్చారు, వాదించుకుంటున్నారు. నేను పక్కకు తిరిగి అమ్మను చూశాను. అమ్మ స్టేజీనే చూస్తున్నది. అవతల నాయిన కూడా స్టేజీనే చూస్తున్నాడు. ముగ్గురం అట్లాగే చివరిదాకా కూర్చున్నాం. అయిపోయాక జనం లేచి చప్పట్లు కొట్టారు. సారు నాయినను స్టేజీ మీదికి పిలిచి శాలువా కప్పాడు. నటుడు వంగి నాయిన కాళ్ళకు దండం పెట్టబోతే నాయిన రెండు చేతులూ పట్టుకుని లేపాడు.

ఇంటికి వచ్చాక నాయిన షాపు తీసి, లైటు వేసుకుని, ఏదో మోటరు ముందు కూర్చున్నాడు. నేను వంటింట్లోకి వెళ్ళాను. అమ్మ బియ్యం కడుగుతున్నది.

"గా జైలు మాట నిజమేనా? నన్ను తీసుకురావద్దని నాయిననే అన్నడా?"

"అన్నడు."

"గిన్నేండ్లు నువ్వే తీస్కపోలేదనుకున్న."

"తెల్సు."

"తెల్సి ఎందుకు చెప్పలే?"

అమ్మ నీళ్ళు వంపి, మళ్ళీ పోసింది. "నా మీద కోపముంటే నేను ఎదురుంగనే ఉంటి. అర్సినా, మొకం మాడ్సుకున్నా కనపడుతుంటి. ఆయన మీద కోపమైతే నువ్వు యాడికి పోయి తీర్సుకుంటవ్?"

అమ్మ గిన్నె పొయ్యి మీద పెట్టింది. "ఆకలైతున్నదా?" అని అడిగింది. ఔనన్నాను. అప్పుడు నేను అమ్మను పట్టుకుని ఏడ్చానని రాస్తే బాగుంటుంది. సారు అయితే అట్లాగే రాసేవాడు. నేను ప్లేట్లు కడిగి పెట్టాను. ముగ్గురం పప్పుతో తిన్నాం. నాయిన ఉప్పు తక్కువైందన్నాడు.

ఆ నాటకం సూర్యాపేటలో, హుజూర్‌నగర్‌లో ఆడింది. హైదరాబాద్ నుంచి వచ్చిన కుర్ర దర్శకుడు ఒకాయన చూసి, ఫోన్లలో చూసుకునే సినిమాగా తీస్తానన్నాడు. షూటింగుకు కోదాడలో మూతపడిన కాలేజీ ఒకటి కిరాయికి తీసుకున్నారు. కింది గదిలో కోర్టు, పై గదుల్లో జైలు. కోర్టులో కూర్చునే జనం కావాలంటే మా మామ తన స్నేహితులందరినీ వెంటబెట్టుకు వచ్చాడు. కొత్త ఖద్దరు చొక్కా వేసుకుని ముందు వరసలో కూర్చుని, "ఏం బావా, అచ్చం కోర్టులాగే కట్టారుగా! నాకైతే కాళ్ళు వణికాయి" అన్నాడు నాయినతో.

నాయిన వేషానికి హైదరాబాద్ నటుణ్ణి పెట్టారు. బట్టల షాపు నటుడికి కానిస్టేబుల్ వేషం దొరికింది. అంటే నాటకంలో నాయిన అయిన మనిషి సినిమాలో నాయినను కొట్టాలి. ఆయన అది చెప్పడానికి నాయిన దగ్గరికి వచ్చి చాలాసేపు నసిగాడు.

"అన్నా, నీకు కష్టమనిపిస్తే చెప్పు. నేను మానుకుంట."

"సినిమాల దొరికిన మొదటి వేషం గదా నీకు?"

"ఔనన్నా."

"మరి మంచిగ కొట్టు," అన్నాడు నాయిన.

దర్శకుడు మర్యాదస్తుడే. నాయినను సార్ అని పిలిచేవాడు, కుర్చీ వేయించేవాడు. ఒక రోజు మధ్యాహ్నం భోజనాల దగ్గర, కథ చివర అసలు హంతకుడు ఎవరో చూపిస్తున్నామని చెప్పాడు. ఒక మిల్లు యజమాని, రైతుతో అతనికి పొలం తగాదా అట.

"గట్లేం లేదు," అన్నాడు నాయిన. "ఎవరో తెల్వదు."

"తెలుసు సార్. కానీ రెండు గంటలు చూసినాక ఎవరు చేశారో చెప్పకపోతే ఒప్పుకోరు. వాళ్ళకు జవాబు కావాలి."

"నాకూ కావాలె," అన్నాడు నాయిన.

దర్శకుడు తల దించుకుని అన్నం కలుపుకున్నాడు. కథ మాత్రం మారలేదు.

మారిన ఇంకొకటి ములాఖత్. సినిమాలో కూతురు జైలుకు వస్తుంది. గులాబి రంగు గౌను వేసిన పాప ఒకటి, ఏడెనిమిదేళ్ళు ఉంటాయి, జాలీలోంచి వేలు పెట్టి "నాన్నా, ఇంటికి ఎప్పుడొస్తావ్?" అని అడగాలి. పాప ప్రతిసారీ వేలు ముందు పెట్టి మాట మరిచిపోయేది. మళ్ళీ మళ్ళీ తీశారు. పాప తల్లి పక్కన నిలబడి చాక్లెట్ చూపించింది. నాయిన, నేను దర్శకుడి వెనక కూర్చుని చిన్న టీవీలో చూస్తున్నాం. చివరికి పాప సరిగ్గా అన్నది. హైదరాబాద్ నటుడు ఆ వేలును తన వేళ్ళతో పట్టుకుని కళ్ళ నీళ్ళు పెట్టుకున్నాడు.

దర్శకుడు వెనక్కి తిరిగాడు. "సార్, ఇది నిజంగా జరగలేదని నాకు తెలుసు. తీసేయమంటే తీసేస్తా."

నాయిన ఆ టీవీ వైపే చూస్తున్నాడు. "ఇంకోసారి సూపిస్తవా?" అన్నాడు.

చూపించారు. చూశాడు.

"గట్ల కాలే. కానీ ఉండనియ్యి," అన్నాడు. లేచి, మోకాలు పట్టుకుని, నా వైపు చూడకుండా చాయ్ దగ్గరికి వెళ్ళిపోయాడు. నేను కాసేపాగి వెళ్ళి పక్కన నిలబడ్డాను. ఆయన తన కప్పు నాకిచ్చి ఇంకొకటి తీసుకున్నాడు. ఇద్దరం తాగాం. నన్నెందుకు రావద్దన్నావని అప్పుడు అడగొచ్చు. అడగాలని కూడా అనిపించలేదు. ఆ చాయ్‌లో అల్లం ఎక్కువగా ఉండటం గుర్తుంది.

సినిమా వచ్చాక మా వీధిలో చాలామంది చూశారు. షాపుకు వచ్చే రైతులు నాయినతో ఫోటోలు దిగారు. కోదాడ పక్కింటామె మామకు ఫోన్ చేసి, దుబాయ్ అని అంత గట్టిగా ఎట్లా చెప్పారని అడిగిందట. కొన్నాళ్ళకు అది కూడా తగ్గిపోయింది.

ఒక ఉదయం ల్యాబుకు ఒక పెద్దామె వచ్చింది, షుగర్ పరీక్షకు. కూర్చోబెట్టి, చెయ్యి చాపించి, రబ్బరు కట్టాను. ఆమె నా ముఖంలోకి చూసి, "నువ్వు వైండింగ్ ఆయన బిడ్డవు గదా" అన్నది. ఔనన్నాను. ఆమె చనిపోయిన ఆ రైతు భార్య. కొడుకు సూర్యాపేటలో ఉంటాడట, అతని దగ్గరే ఉంటున్నదట. సినిమా చివర్లో, షూటింగు దగ్గర ఉన్న నాయిననూ నన్నూ కాసేపు చూపించారు. అట్లా గుర్తుపట్టింది.

నేను సూది ఇంకా గుచ్చలేదు. చెయ్యి మాత్రం పట్టుకుని ఉన్నాను.

"మా కొడుకు ఫోన్ల సూపిచ్చిండు. ఆఖర్ల గా మిల్లు సేటు చంపినట్టు సూపిచ్చిన్రు. నిజమేనా బిడ్డా? ఎవరో దొరికిన్రా?"

"లేదమ్మా. అది కల్పించి పెట్టిన్రు."

"కల్పించిందా?"

"ఔ."

"మరి మాకు పొలం తగాద ఉన్నట్టు సూపిచ్చిరి. మాకు ఎవరితోనీ తగాద లేకుండె. ఊరోళ్ళంతా ఏ సేటమ్మా, ఏ సేటమ్మా అని అడుగుతున్నరు. నేను కూడా దొరికిండేమో అనుకున్న." ఆమె గొంతు పెరగలేదు. "ఆయన సినిమాల ఒక్క మాటన్న మాట్లాడలే. నీళ్ళల్ల పడున్నట్టు సూపిచ్చిన్రు, అంతే."

నేను రక్తం తీసి, దూది అదిమి, చెయ్యి మడిచి పెట్టుకోమన్నాను. ఆమె మడిచి పెట్టుకుంది. రిపోర్టు సాయంత్రం వస్తుందని చెప్పాను.

ఆదివారం ఇంటికి వెళ్ళి నాయినకు ఇదంతా చెప్పాను. ఆయన చేస్తున్న పని ఆపాడు. మరునాడు సోమవారం నాతోపాటే బస్సెక్కాడు. ల్యాబులో ఆమె ఇచ్చిన ఫోన్ నంబరుకు చేసి ఇల్లు కనుక్కుని, నేనూ నాయినా వెళ్ళాం. ఆమె కొడుకు తలుపు తీసి, ఎవరో తెలియగానే ముఖం గట్టిగా పెట్టుకున్నాడు. కానీ ఆమె లోపలినుంచి "రానియ్యి" అన్నది. మంచినీళ్ళిచ్చింది.

ముందు ఆమే అన్నది, "కోర్టుల నేను నువ్వే చంపినవని చెప్పలే అన్నా. లొల్లి అయిందని మాత్రమే చెప్పిన."

"తెల్సమ్మా. లొల్లి అయింది నిజమే గదా."

"కొన్నేండ్లు నువ్వే అనుకున్న. అబద్దం చెప్ప. విడిచిపెట్టినంక కూడా అనుకున్న. ఇప్పుడు అనుకుంటలేను. కానీ ఇంకెవరనుకోవాలో తెల్వది."

నాయిన గ్లాసు కింద పెట్టాడు. "సినిమాల గట్ల పెట్టొద్దని చెప్పిన. ఇనలే. నా చేతుల లేకుండె. నాటకం ఇంకా ఆడుతున్నరు. దాంట్ల ఆయన మాట్లాడేటట్టు పెట్టమని సారును అడుగుత. ఆయన ఎట్లుండెనో నువ్వు చెప్తవా?"

ఆమె చెప్పింది. ఆ ఏడు నారు రెండుసార్లు పోశారని, మొదటిది ఎండిపోయిందని. మోటరు కోసం గొడవపడి వచ్చిన రోజు అన్నం తినలేదని. "బజార్ల గంత మాట అనకపోయేది ఉండె, రేపు పోయి జర మంచిగ మాట్లాడుత" అన్నాడని. ఆయనకు చేపల పులుసు ఇష్టమని కూడా చెప్పింది. నాయిన తల ఊపుతూ విన్నాడు. కొడుకు గుమ్మం దగ్గరే నిలబడి విన్నాడు. మేము లేచేటప్పుడు మా చెప్పులు సరిచేసి పెట్టాడు.

సారు ఒప్పుకున్నాడు. ఒక చిన్న దృశ్యం రాశాడు. రైతు ఇంటికి వచ్చి, భార్యతో ఆ నాలుగు మాటలు అని, తినకుండా పడుకుంటాడు. నిజం చెప్పాలంటే ఆ దృశ్యం అంత బాగా కుదరలేదు. ఆ రైతు వేషం వేసే కుర్రాడికి గొంతు లేదు. అక్కడికొచ్చేసరికి జనం కొంచెం కదులుతారు, కొందరు ఫోన్లు తీస్తారు. నాటకం బిగువు తగ్గుతున్నదని బృందంలో వాళ్ళే అన్నారు. ఆమెను చూడటానికి రమ్మని పిలిచాం. రాలేనన్నది. చదివి వినిపించమంటే విన్నది. "సరే," అన్నది.

పోయిన నెల కోదాడలో ఆడారు. నాయిన రాలేదు. నాట్లు పడుతున్నాయి, షాపు ముందు మోటర్లు నిండిపోయాయి. అమ్మ వచ్చింది. మేమిద్దరం మామ పక్కన కూర్చుని చూశాం. అయిపోయాక బస్టాండులో ఉండగా నాయిన ఫోన్ చేశాడు.

"జనం వచ్చిన్రా?"

"వచ్చిన్రు."

"గా రైతు ముచ్చట ఉంచిన్రా, తీసేసిన్రా?"

"ఉంచిన్రు నాయినా."

"సరే," అని పెట్టేశాడు.